లల్లీకి పెద్దమ్మ ఉత్తరం

చెన్నై, టి.నగర్

లల్లీ,

జనవరి పూల ప్రదర్శనకి లాల్‌బాగ్ గేటు నుంచి గ్లాస్ హౌస్ దాకా వీల్‌చెయిర్ లేకుండా నడుస్తానన్నావట. చెప్తూ చెప్తూ మీ అమ్మ ఫోన్లో ఏడ్చింది. నేను ఫోన్ పెట్టేశాక వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పాలు పొంగేలోపు నాకూ భయం పట్టుకుంది. 19 ఏళ్లుగా ఎం.ఎస్.తో, అదే మన మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బుతో, కాపురం చేస్తున్నదాన్ని, నాలుగు మాటలు పడతావులే.

ఫిజియో చెప్పినవి మానకు. కాళ్లకే కాదు, నడుముకీ బలం రావాలి. కెనడా వాళ్లు 2013లో మనలాంటివాళ్ల కోసం పెట్టిన లెక్క చాలా చిన్నది: వారానికి రెండుసార్లు అరగంట కాస్త ఒగర్పు వచ్చేలా వ్యాయామం, రెండుసార్లు కండబలానికి. రోజూ మైళ్లు నడవమని ఎవరూ అనలేదు.

ఇక నా తప్పు. మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు.

కత్తిరి ఎండల్లో, పొద్దున పదింటికి, జాకెట్టు గుడ్డ కోసం పానగల్ పార్కు నుంచి పాండీబజారుకి బయల్దేరాను. బుద్ధున్నవాళ్లు చేసే పనేనా? సగం దూరంలో కుడికాలు నా మాట వినడం మానేసింది. వేళ్లు నేలకి రాసుకుంటున్నాయి, కళ్లు మసకలు. పూలమ్మే ఆవిడ తన స్టూలు ఖాళీ చేసి కూర్చోబెట్టింది. ఇంటికొచ్చి ఫ్యాను కింద పడుకుంటే సాయంత్రానికి కాలు మామూలైంది. అప్పుడే అర్థం కావాలి. కాలేదు. నడకే నరాల్ని కాల్చేసిందనుకున్నాను.

ఆ రోజు నుంచి 14 నెలలు మంచం, కుర్చీ, బాత్‌రూమ్. మీ పెదనాన్న కాఫీ కూడా మంచం దగ్గరికే తెచ్చేవారు. ఆయన్ని అనలేను, అంత ప్రేమ. ఆ కప్పు కోసమైనా వంటింటిదాకా నన్ను నడవనిచ్చి ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో.

చివరికి ఒక ఫిజియో అమ్మాయి విడమరిచి చెప్పింది. నరం మీద తొడుగులా ఉండే మైలిన్ పొర ఊడితే, ఆ నరంలో, ఒళ్లు అర డిగ్రీ వేడెక్కినా కబురు తడబడుతుందట. చల్లబడితే సర్దుకుంటుంది, కొత్త గాయమేమీ కాదు. ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు 1890లోనే, వ్యాయామం చేశాక చూపు మసకబారడం చూసి రాసిపెట్టాడట. నా కాళ్ల బలం ఎం.ఎస్. తిన్నది కొంత, మంచం తిన్నది కొంత. ఆ రెండోదాన్ని రాబట్టుకోడానికి రెండేళ్లు పట్టింది.

కాబట్టి ఎండలో కాలు మొరాయిస్తే హడలిపోకు. నీడన కూర్చో, చల్లటి నీళ్లు తాగు, తడి తువ్వాలు మెడకి చుట్టుకో. ఒళ్లు చల్లబడ్డాక కూడా తగ్గకపోయినా, ఒక రోజు దాటినా మాత్రం డాక్టరుకి ఫోన్ చెయ్యి. అప్పుడు పెద్దమ్మ చెప్పిందని ఊరుకోకు.

పాదం వేలాడుతుంటే, దాన్ని పట్టి ఉంచే స్ప్లింట్ వేసుకో. కరెంటుతో పాదం లేపే యంత్రం కూడా ఉంది, అందరికీ పడదు, ఒకసారి కట్టించుకుని చూసి చెప్పు. చేతికర్రకి సిగ్గుపడకు. వీల్‌చెయిర్ లేకుండా అన్నావు గానీ, కర్ర లేకుండా అనలేదుగా! ఇంకోటి, ఓపిక అయిపోయాక ఆగడం కాదు, సగం మిగిలుండగానే వెనక్కి తిరగాలి. తిరిగొచ్చే దూరం కూడా నడకే.

నిజం చెప్పనా, నా భయం లాల్‌బాగ్ కాదు, మీ ఇంటి బాత్‌రూమ్. నడిచొచ్చి అలసిన కాళ్లతో నేరుగా స్నానానికి వెళ్తావు, అక్కడ నున్నటి టైల్స్. గోడకి పట్టుకునే కమ్మీ బిగించారా? బిగించకపోతే మీ నాన్నకి ఫోనియ్యి, నేను మాట్లాడతాను. తలుపు గడియ వేసుకోకు. నవ్వుతున్నావు కదూ, నవ్వు.

జనవరిలో బృందావన్ ఎక్స్‌ప్రెస్‌కి బెంగళూరు వస్తాను. నా కర్ర నేను తెచ్చుకుంటాను. గ్లాస్ హౌస్ దగ్గర మీ అమ్మని ముందే వెళ్లి ఒక బెంచీ పట్టి ఉంచమను, ఇద్దరికి.

పెద్దమ్మ