గడ్డ కంటే నల్లటి మలమే నాకు ఎక్కువ ఆందోళన

ప్రశ్న: నా వయసు 52. మాది నర్సంపేట దగ్గర పల్లె. ఏడాదిగా నాలుగు ముద్దలు తినగానే కడుపు ఉబ్బరం, పైకడుపులో నొప్పి. అల్ట్రాసౌండ్‌లో ఏమీ లేదన్నారు. హన్మకొండలో సీటీ తీయిస్తే ఎడమ కిడ్నీ పైన ఉండే అడ్రినల్ గ్రంథి దగ్గర 3 సెంటీమీటర్ల గడ్డ ఉందని రాశారు. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్, దాంతో గ్యాస్ మాత్ర వేసుకుంటాను. నెల నుంచి అప్పుడప్పుడు దొడ్డికి నల్లగా వస్తోంది. గడ్డ క్యాన్సరా? ఆపరేషన్ తప్పదా?

జవాబు: గడ్డ సంగతి తర్వాత. మలం నల్లగా వస్తోందని చివర్లో ఒక్క ముక్క రాశారు చూడండి, నన్ను కంగారు పెట్టింది అదే. ఐరన్ మాత్రలు వాడకుండానే మలం తారులా, జిగటగా వస్తుంటే కడుపులో ఎక్కడో రక్తం పోతోందనే అనుకోవాలి. కడుపులో పుండు చేయగల డైక్లోఫెనాక్ ఈరోజే ఆపండి. గుండె కోసం ఆస్పిరిన్ వాడుతుంటే మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఆపొద్దు. రేపే వెళ్లి హిమోగ్లోబిన్ పరీక్ష, ఎండోస్కోపీ చేయించుకోండి. కళ్లు తిరిగినా, నెత్తురు వాంతి అయినా, మళ్లీ నల్లగా వచ్చినా అర్ధరాత్రి అని చూడకుండా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇక గడ్డ. మీ స్కాన్ నేను చూడలేదు కాబట్టి ఇది ఫలానా అని చెప్పలేను. కానీ అక్కడ కనిపించేదంతా అడ్రినల్ గడ్డే కానక్కర్లేదు. కొందరికి జీర్ణాశయం పైభాగంలో వెనక గోడ నుంచి చిన్న సంచి బయటికి పొడుచుకొస్తుంది. దాన్ని గ్యాస్ట్రిక్ డైవర్టిక్యులమ్ అంటాం. వెయ్యి ఎండోస్కోపీల్లో ఒకటి దొరకడం కూడా కష్టమే. ఎడమ అడ్రినల్ పక్కనే ఉంటుంది, నీళ్లతో నిండి ఉంటే సీటీలో అచ్చం గడ్డలాగే కనిపిస్తుంది. స్కాన్‌లో తెల్లగా కనిపించే కాంట్రాస్ట్ మందు తాగించి మళ్లీ సీటీ తీస్తే ఆ మందో గాలో సంచిలోకి చేరి అసలు విషయం తెలుస్తుంది. ఎండోస్కోపీలోనూ గొట్టాన్ని లోపల వెనక్కి తిప్పి, ఆహారనాళం వచ్చి కలిసే చోటును చూడాలి, లేదంటే సంచి నోరు కంటపడకపోవచ్చు. అందుకే సీటీ సంగతి ఆ డాక్టర్‌కు ముందే చెప్పండి. సంచే అని తేలితే చాలామందికి ఆపరేషన్ అవసరం ఉండదు. రక్తం పోతుంటేనో, మందులకు నొప్పి తగ్గకపోతేనో, మరీ పెద్దదైతేనో సర్జన్‌ను కలవమంటాం. నిజంగా అడ్రినల్ గడ్డే అయితే హార్మోన్ పరీక్షలు పూర్తయ్యేదాకా సూది పరీక్షకు (బయాప్సీకి) ఒప్పుకోవద్దు.

ఒక మాట కోపగించుకోకుండా వినండి. ఏడాదిపాటు మెడికల్ షాపు మాత్రలతో నెట్టుకొచ్చారు. నా ఓపీలో రోజూ ఇదే చూస్తున్నాను. గ్యాస్ మాత్ర మంట తగ్గిస్తుంది, దాని చాటున అల్సర్, ఒక్కోసారి క్యాన్సర్ కూడా నెలల తరబడి దాక్కుంటుంది. యాభై దాటాక కొత్తగా మొదలైన ఉబ్బరాన్ని గ్యాస్ అని సొంతంగా తేల్చుకోకూడదు. అలాగని ఇప్పుడు ఆ మాత్ర మానేయొద్దు, డాక్టర్ చెప్పేదాకా వేసుకోండి. బరువు తగ్గారో లేదో రాయలేదు, అదీ చెప్పండి. వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, సీటీ సీడీ, ఇన్నాళ్లూ మింగిన మాత్రల ఖాళీ స్ట్రిప్పులు కూడా పట్టుకెళ్లండి.