నిచ్చెన వేసే పని ఎవరిది?

ప్రశ్న: నల్లగొండలో ఇండిపెండెంట్ ఇల్లు కిరాయికి తీసుకున్నాం. ఓనరు హైదరాబాదులో ఉంటారు. ఆవరణలో పెద్ద వేపచెట్టు, రెండు కొబ్బరిచెట్లు, ఒక నిమ్మ ఉన్నాయి. వేప కొమ్మ ఒకటి పక్కింటి రేకుల మీదికి, కరెంటు తీగల మీదికి వాలింది. ‘నీడ మీకే కదా, మీరే కొట్టించండి’ అంటున్నారు ఓనరు. అగ్రిమెంటులో ‘ఇంటిని మంచిగా చూసుకోవాలి’ అన్న ముక్క తప్ప ఏమీ లేదు. ఖర్చు ఎవరిది?

జవాబు: కొమ్మ ఖర్చు ఓనరుదే. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ వర్తిస్తుంది. మామూలు అరుగుదల పోను, ఇల్లు ఎట్లా తీసుకున్నారో అట్లాగే అప్పజెప్పడం కిరాయిదారు బాధ్యత. కలప చెట్టు నరకవద్దని, అమ్మవద్దని కూడా ఆ సెక్షనే చెబుతుంది. చెట్టు మీద హక్కేమో ఓనరుది, కూలి మాత్రం మీదంటే ఎట్లా?

ఓనర్లు సాధారణంగా 2021 నమూనా అద్దె చట్టాన్ని చూపిస్తారు. కిరాయిదారు వాడుకునే తోట, ఖాళీ జాగా నిర్వహణ అతనిదేనని అందులో ఉన్న మాట నిజం. కానీ అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టంగా తెచ్చుకుంటేనే అమలు. పైగా నిర్వహణ అంటే ఊడ్చడం, నీళ్లు పెట్టడం, కలుపు తీయడం, నిమ్మలో ఎండుపుల్లలు కత్తిరించడం. నేల మీద నిలబడి చేతికందే పని కిరాయిదారుది, నిచ్చెన వేయాల్సింది, మనిషి ఎక్కాల్సింది ఓనరుది అని రాసుకుంటే చాలా తగాదాలు తెగుతాయి. కొబ్బరి ఒక్కటే దీనికి మినహాయింపు: కాయలు ఎవరు తీసుకుంటే ఎక్కుడు కూలి వారే ఇవ్వాలి. వేప ఆకు రాలే ఫిబ్రవరి, మార్చి నెలల్లో డాబా మీది వాననీళ్లు పోయే గొట్టం మూతిని శుభ్రం చేసుకోవడం మీ పనే. అది మూసుకుపోయి తొలి వానకే స్లాబు చెమ్మగిల్లితే ఓనరు మిమ్మల్ని అడుగుతారు, అడగాలి కూడా.

కొమ్మ సంగతి మేలో గాలిదుమారాలు మొదలయ్యేలోపే తేల్చండి. ఫొటో తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపి, ఖర్చు అంచనా చెప్పి, ‘సరే’ అన్న జవాబు వచ్చాకే పని పెట్టండి. ఆ జవాబు లేకుండా కిరాయిలో కోసుకుంటే గొడవ మీ మెడకే చుట్టుకుంటుంది. తీగల దగ్గర కాబట్టి సబ్‌స్టేషన్‌లో చెప్పి, లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ తీగల్లో కరెంటు ఆపించడం) తీసుకున్నాకే కత్తి పెట్టాలి.

బరువైన కొమ్మను ఒక్క వేటుతో నరికితే అది విరిగి పడుతూ మాను బెరడును చీల్చుకుపోతుంది. మానుకు అడుగు దూరంలో, కింది వైపు నుంచి మూడో వంతు లోతు ముందు కోయాలి. దానికి రెండంగుళాలు అవతల పైనుంచి కోస్తే కొమ్మ తెగి పడుతుంది. మిగిలిన మొండెను మాను దగ్గరి ఉబ్బు వదిలి మూడో కోత కోయాలి. ఆ ఉబ్బు కోస్తే గాయం మానదు.

గాయానికి బోర్డో పేస్టు రాయండి. 100 గ్రాముల మైలతుత్తం అరలీటరు నీళ్లలో, 100 గ్రాముల సున్నం అరలీటరులో ప్లాస్టిక్ డబ్బాల్లో విడివిడిగా కలిపి, తర్వాత రెండూ ఒకటి చేయాలి. ఇనుప గిన్నె పనికిరాదు. తోమిన చాకు మొనను నిమిషం ముంచి తీయండి. దాని మీద ఎర్రటి రాగి పొర కడితే సున్నం చాలలేదన్నట్టు, ఇంకాస్త వేయండి.

చెట్టునే తీసేయాలంటే దారి వేరు. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అటవీశాఖ అనుమతి కావాలి, దరఖాస్తు ఓనరే పెట్టుకోవాలి. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది, ముందు రేంజ్ ఆఫీసులో కనుక్కోవడం మేలు. చిగుళ్లు మాడినట్టు కనిపించినంత మాత్రాన వేపను కొట్టేయకండి. 2021లో తెలంగాణ అంతటా అట్లా మాడిన వేపలు చాలావరకు మళ్లీ చిగురించాయి.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో నా ఇంట్లో కిరాయికి ఉన్నవారు ఎండాకాలం రెండు నెలలు ఊరెళ్లారు. లాన్, మూడేళ్ల మామిడి ఎండిపోయాయి. అడ్వాన్సులో ఎంత కోయవచ్చు?

జవాబు: ఇప్పుడే ఏమీ కోయకండి. మామిడి కాండం మీద బెరడును గోటితో గీకి చూడండి. కింద పచ్చగా ఉంటే బతికున్నట్టే. గరికజాతి లాన్ పైకి ఎండుగడ్డిలా మాడినా వేరు బతికి, రెండు వానలకు లేస్తుంది. ఆగస్టు దాకా ఆగి, నిజంగా చచ్చిందానికి మొక్క ధర, గుంత తవ్వి నాటే కూలి మాత్రమే అడగండి. పదేళ్లు కాయబోయే కాయల లెక్క కట్టి అడిగితే ఎవరూ ఒప్పుకోరు.

మీరూ ఒకటి చూసుకోవాలి: నీళ్లు ఉన్నాయా? లాన్‌కు చదరపు మీటరుకు రోజూ 5 లీటర్లు వేసుకున్నా, 300 చదరపు అడుగులకు 140 లీటర్లు. బోరు ఎండి ట్యాంకరు కొనే ఇంట్లో ఇది ఎవరి ఖర్చో ముందే రాయాలి. రాయకుండా నింద కిరాయిదారు మీద వేయడం న్యాయం కాదు. ఈసారి అగ్రిమెంటుకు మొక్కల లెక్క, తేదీ వేసిన ఫొటోలు జతచేయండి.

ప్రశ్న: మిర్యాలగూడలో కిరాయింట్లో నేను నాటిన జామ, అరటి, గులాబీలు ఖాళీ చేసేటప్పుడు తీసుకుపోవచ్చా?

జవాబు: పోవచ్చు, ఇల్లు మీ చేతిలో ఉండగానే తీసుకుని, గుంతలు పూడ్చి ఇవ్వాలి. అరటికి పిలకలు చాలు. జామను వేళ్లతో పెకిలిస్తే ఎండాకాలంలో బతకడం కష్టం. వానాకాలంలోనే కొమ్మకు అంటు కట్టుకుని, వేరు పోసింది పట్టుకెళ్లి చెట్టును అక్కడే వదిలేయండి.