అంట్లు ఆ అమ్మాయి పని కాదు

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. ఇద్దరం ఉద్యోగస్తులం. మా నాలుగేళ్ల బాబును చూసుకోవడానికి స్వీడన్ నుంచి ఇరవై ఏళ్ల అమ్మాయి ఓపేర్‌గా వచ్చి మా ఇంట్లోనే ఉంటోంది. మొదటి మూడు నెలలు ఏ గొడవా లేదు. ఇండియా నుంచి మా అత్తగారు వచ్చాక ఆ అమ్మాయి చేత అంట్లు తోమిస్తున్నారు, ఇల్లు తుడిపిస్తున్నారు. అదేమంటే ‘డబ్బులిస్తున్నాం కదా’ అంటారు. పైగా తనను పేరు పెట్టి పిలిచిందని కోపం. మొన్న ఆ పిల్ల గదిలో ఏడుస్తూ కనిపించింది. వేరే ఇంటికి మారిపోతానంటోంది. వారానికి ఇంకో 50 డాలర్లు ఇస్తే సర్దుకుంటుందా?

జవాబు: సర్దుకోదమ్మా. అసలు డబ్బిచ్చి ఆమె చేత అంట్లు తోమించుకోవడమే కుదరదు. ఆమె వచ్చింది సాంస్కృతిక మార్పిడి కోసం అమెరికా ఇచ్చే జె-1 వీసా మీద, పిల్లల్ని చూసుకోవడానికి. రోజుకు 10 గంటలు, వారానికి 45 గంటలు దాటకూడదు. దాటాక ఎంతిచ్చినా అది తప్పే. వారానికి ఒకటిన్నర రోజు సెలవు, నెలకోసారి శని, ఆదివారాలు రెండూ పూర్తిగా ఖాళీ ఇవ్వాలి. బాబు బట్టలు ఉతకడం, వాడికి అన్నం పెట్టడం, వాడి గది సర్దడం వరకే ఆమె పని. మీ సాంబారు గిన్నె అందులో లేదు. ఇవన్నీ మీరు సంతకం పెట్టిన కాగితాల్లో ఉన్నవే. ఒకసారి తీసి చదవండి.

పేరు సంగతికొస్తే, అది పొగరు కాదు. స్వీడన్‌లో 1960ల చివరి నుంచి మన ‘మీరు’లాంటి మర్యాదలు పోయి, టీచరైనా పై ఆఫీసరైనా అందరినీ ‘నువ్వు’ అనడం, పేరుతోనే పిలవడం మామూలైపోయింది. మీ అత్తగారిని పేరుతో పిలిచినప్పుడు ఆ పిల్ల అందులో అమర్యాద ఉందని అనుకునే ఉండదు. బాబు పిలిచినట్టే ‘నానమ్మా’ అని పిలవమని నేర్పండి, నిమిషం పని. అత్తగారికి చెప్పడానికి ఇంకో మాట కూడా ఉంది: స్వీడన్ వాళ్లూ మనలాగే చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి ఇంట్లోకి వస్తారు.

కానీ నాకు అత్తగారి కన్నా మీ మీదే కాస్త కోపం. ‘మా ఇంటి మనిషే’ అని మీరూ చాలాసార్లు అని ఉంటారు. ఆ మాటతోనే చిక్కంతా. ఇంటి మనిషన్నాక గంటలెవరు లెక్కపెడతారు? అత్తగారు పని చెబుతుంటే మీరు ఊరుకున్నారు, ఆ పిల్ల గదిలో ఏడుస్తుంటే చూసి కూడా ఊరుకున్నారు.

ఈ శనివారం ఆమెతో విడిగా కూర్చోండి. ముందు సారీ చెప్పండి. గంటలు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. అత్తగారితో మాట్లాడాల్సింది మీరు కాదు, మీవారు. కొడుకు చెబితే మాట, కోడలు చెబితే గొడవ, మన ఇళ్ల సంగతి మీకు తెలియనిదా! అప్పటికీ ఆమె వెళ్తానంటే బతిమాలొద్దు, అడ్డుపడొద్దు. ఆమెను మీ ఇంటికి కుదిర్చిన ఏజెన్సీ తరఫున మీ ఊళ్లో చూసుకునే లోకల్ కోఆర్డినేటర్‌కు మీరే ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పండి.

ఇక అంట్లంటారా, మన ఇళ్లలో చాలాచోట్ల డిష్‌వాషర్ అంటే కడిగిన గిన్నెలు ఆరబెట్టుకునే అల్మరా. మీ ఇంట్లోనూ అంతేనా? అయితే దాన్ని ఆన్ చేయడం మీవారితోనే వాళ్లమ్మకు నేర్పించండి.