టెక్ సందేహాలు: కేబీలు తగ్గించబోయి వేలిముద్ర ఇచ్చేస్తున్నారు

ప్రశ్న: బ్యాంకు పరీక్షకు దరఖాస్తు చేస్తూ ఫొటో, సంతకం, ఎడమ బొటనవేలి ముద్ర సైజు తగ్గించడానికి వెతుకులాటలో మొదట వచ్చిన సైట్ వాడాను. అడ్రస్ పక్కన తాళం గుర్తుంది. గంటలో ఫైల్స్ డిలీట్ చేస్తామని కూడా రాశారు. అయినా టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: నోటిఫికేషన్ పడిందంటే చాలు, నాకు ఇవే ఉత్తరాలు. తాళం గుర్తు చెప్పేది ఒక్కటే: మీ ఫొటోను దారి మధ్యలో ఎవరూ చూడలేరని. అవతల అందుకున్నవాడు ఎవడో అది చెప్పదు. దొంగ సైట్‌కైనా ఆ తాళం ఉచితంగానే దొరుకుతుంది. జనం దాన్ని చూసి మోసపోతున్నారనే క్రోమ్ 2023లో ఆ బొమ్మను మార్చేసింది. ఇక గంటలో డిలీట్ అనే మాట నిజమో కాదో మీరు వెళ్లి చూడలేరు.

నన్ను భయపెట్టేది ఫొటో కాదు, వేలిముద్ర. ఫారమ్ అడిగేది 240 × 240 పిక్సెళ్ల బొమ్మ. అందులో గీతలు అంతంత మాత్రమే. కానీ సైజు తగ్గించే సైట్‌కు మీరిచ్చింది ఫోన్ కెమెరా తీసిన అసలు ఫొటో, ప్రతి గీతా లెక్కపెట్టేంత స్పష్టంగా! 2018లో పెద్దపల్లి జిల్లా సిమ్ డీలర్ ఒకతను ఆన్‌లైన్‌లో ఉన్న భూమి రిజిస్ట్రేషన్ కాగితాలు దించుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి, ఎవరెవరి పేరు మీదో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు పట్టుకున్నారు. స్కాన్ చేసిన పాత కాగితాలతోనే అంత పని జరిగింది.

అయిందేదో అయింది. ముందు ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకోండి, అంటే మీ వేలిముద్రతో ఆధార్ పని చేయకుండా ఆపేయండి. రేషన్ షాపులో వేలు పెట్టాల్సిన రోజు మాత్రం అన్‌లాక్ చేయాలి.

ఇకమీదట, బొమ్మను మీ బ్రౌజర్‌లోనే చిన్నది చేసే సైట్లు వాడండి. స్క్వూష్ అలాంటిదే. క్వాలిటీ మీట జరుపుతుంటే ఎన్ని కేబీలు అయిందో అక్కడే కనిపిస్తుంది. ఫొటో, వేలిముద్ర 20 కేబీల కంటే తగ్గినా ఫారమ్ తిప్పికొడుతుంది కాబట్టి అది బాగా పనికొస్తుంది. వేరే సైట్ ఏదైనా అలాంటిదో కాదో తేల్చుకోవడం తేలికే. బ్రౌజర్ ఇన్‌కాగ్నిటో (ప్రైవేట్) విండోలో పేజీ తెరిచి, పూర్తిగా లోడయ్యాక వైఫై, డేటా రెండూ ఆపేసి, అప్పుడు ఫొటో ఎంచుకోండి. పని అయితే బొమ్మ మీ దగ్గరే ఉన్నట్టు. చక్రం తిరుగుతూనే ఉంటే ఆ సైట్‌కు ఓ దండం. పనయ్యాక ట్యాబ్‌లన్నీ మూసేసి, ఆ తర్వాతే నెట్ ఆన్ చేయండి. ముందే ఆన్ చేస్తే దాచి పెట్టుకున్నది అప్పుడు పంపొచ్చు.

అసలు ఈ గోలంతా ఎందుకు? ఎంచుకున్న ఫొటోను ఆ ఫారమే, బ్రౌజర్‌లోనే చిన్నది చేసి తీసుకోవచ్చు. ఆ వీలు పదేళ్లకు పైగా ఉంది, రాయాల్సిన కోడ్ కూడా కొంచెమే. పరీక్ష పెట్టేవాళ్లు అది చేయరు. ‘ఫైల్ సైజ్ ఎక్కువ’ అని ఎర్ర అక్షరాలు చూపించి, లక్షల మంది పిల్లలను ముక్కూమొహం తెలియని సైట్ల మీదికి తోలుతారు. తర్వాత ‘సైబర్ నేరాలతో జాగ్రత్త’ అని వాళ్లే మెసేజ్ పెడతారు.

ఫారమ్ నింపే సెంటర్ల సంగతి ఇంకో కథ. మొన్న నయీంనగర్‌లో ఒక జిరాక్స్ షాపులో ప్రింట్ కోసం పెన్‌డ్రైవ్ ఇచ్చాను. షాపు అబ్బాయి డౌన్‌లోడ్స్ తెరిచాడు. ఆధార్ 14, ఆధార్ 15, సైన్ ఫైనల్, థంబ్ న్యూ... కిందికి జరుపుతుంటే ఎంతకీ అయిపోవడం లేదు. ‘ఇవన్నీ ఎవరివి తమ్మీ?’ అంటే, ‘ఏమో సార్, పోయిన గ్రూప్స్ అప్పటివి’ అన్నాడు.