నీ ప్లేయర్ ఎవరికి జవాబు చెప్పుకోవాలి?

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ఫాంటసీ వీడియో గేమ్ స్క్రిప్టు ఆసాంతం చదివాను. ప్రపంచాన్ని బాగా కట్టావు, మనుషుల మాటతీరు ఇంకా బాగా పట్టుకున్నావు. నువ్వు ప్రత్యేకంగా అడిగింది కోట క్వెస్ట్, అంటే కోటలో ప్లేయర్‌కి అప్పగించే పని గురించి కాబట్టి నేరుగా దాని దగ్గరికే వస్తాను.

కోటలో మహమ్మారి. మిగిలింది ఒకే ఒక్క మందు సీసా. సేనాపతికి ఇస్తే కోట నిలబడుతుంది, అనాథ పిల్ల చనిపోతుంది. పిల్లకి ఇస్తే పిల్ల బతుకుతుంది, కోట శత్రువుల పాలవుతుంది, ప్లేయర్ ఖాతాలో పది మంచి పాయింట్లు పడతాయి. "ఏది ఎంచుకున్నా తప్పే కదా బాబాయ్, ఇంతకన్నా ధర్మసంకటం ఏముంటుంది?" అని రాశావు.

ప్రశ్న కష్టమైనదే. ఆడేవాడికి మాత్రం అందులో కష్టమేమీ ఉండదు. ఆ పిల్లని వాడు చూసి రెండు నిమిషాలు కాలేదు. సేనాపతి పేరు కూడా వాడికి గుర్తుండదు. నేను మంచివాడిగా ఆడుతున్నాను కాబట్టి పిల్లకి ఇస్తాను, పది పాయింట్లు వస్తాయి అనుకుంటాడు. బటన్ నొక్కుతాడు. అయిపోయింది. ఇంత కష్టపడి రాసిన సీను అక్కడ లెక్కల పుస్తకంలో ఒక పద్దు అయి కూర్చుంటుంది.

అందుకే నేను ముందుగా చెప్పేది ఇది. ఏ చాయిస్ రాస్తున్నా, దాని తర్వాత ప్లేయర్ ఎవరి ముఖం చూడాలో ముందు రాసుకో. ఆ ముఖం వాడికి అప్పటికే తెలిసి ఉండాలి. స్క్రీన్ మీద పాయింట్లు చూపే మీటరుకు జవాబు చెప్పుకోవడం చాలా తేలిక. మనిషికి జవాబు చెప్పుకోవాలంటేనే నోరు పెగలదు.

దీనికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చే ఉదాహరణ 1985లో రిచర్డ్ గారియట్ చేసిన అల్టిమా 4. చివర్లో చంపాల్సిన రాక్షసుడంటూ ఎవరూ లేని ఆట అది. ఎనిమిది సద్గుణాలు అలవర్చుకోవడమే లక్ష్యం. అందులో మూలికలు అమ్మేవాళ్లు చూపు లేనివాళ్లు. సరుకు తీసుకున్నాక ఎంత డబ్బు పెడుతున్నావో నువ్వే చెప్పాలి. తక్కువ పెట్టినా ఆవిడకి తెలియదు, ఆట ఆగదు, ఎర్ర అక్షరాలు కనిపించవు. ఆట మాత్రం లోపల రాసుకుంటుంది. నువ్వు ఎంతవరకు ఎదిగావో తెలుసుకోవాలంటే రాజుగారి కోటలో ఉన్న జ్ఞాని దగ్గరికి వెళ్లి అడగాలి. ఆయన అంకెలు చెప్పడు, మాటల్లో చెబుతాడు. ఎంత పాత ఆటైనా ఈ రెండూ ఎంత బాగా పట్టుకుందో చూడు: తప్పు చేసే అవకాశం నిశ్శబ్దంగా ఇచ్చింది, తీర్పు ఒక మనిషి నోట చెప్పించింది. అంకెలు లోపల ఉండొచ్చు, నీ ప్రోగ్రామర్‌కి అవి కావాలి కూడా. వాటిని బయట వేలాడదీయొద్దు.

వేలాడదీస్తే ఏమవుతుందో చూశాం. మాస్ ఎఫెక్ట్ అనే ఆట ఫాంటసీ కాదు, అంతరిక్షం కథ, అయినా పాఠం మనకి పనికొస్తుంది. అందులో దాదాపు 92 శాతం మంది మంచి దారిలోనే ఆడారని ఆ టీములో పనిచేసిన ఒక డిజైనర్ 2020లో చెప్పారు. మనుషులు మంచివాళ్లని సంతోషించాల్సిన విషయమే. కానీ ఇంకో కారణం కూడా నాకు కనిపిస్తుంది. అందులో ఒకే వైపు పాయింట్లు పోగేస్తేనే తర్వాత గొప్ప డైలాగులు తెరుచుకుంటాయి. కాబట్టి ఆడేవాడు మొదటి గంటలోనే ఒక వైపు నిర్ణయించుకుని, మిగతా ఆటంతా ఆలోచించడం మానేస్తాడు. ప్రతి చాయిస్ దగ్గరా వాడు కొత్తగా ఆలోచించాలనేది నీ కోరికైతే ఆ పది పాయింట్లు తీసెయ్.

ఇప్పుడు నీ కోటకి వద్దాం. నీ స్క్రిప్టులోనే ఒక మాణిక్యం ఉంది, దాన్ని దారిలో వదిలేశావు. మొదటి ఊళ్లో మూలికలమ్మే అవ్వ. ప్లేయర్‌ని "నాయనా" అని పిలుస్తుంది, గాయాలకి పసరు కడుతుంది, ఏ ఆకు విషమో ఏ ఆకు మందో నేర్పుతుంది. రెండో అధ్యాయంలో శత్రువులు రాకముందే ఆ ఊరిని సేనాపతి మనుషులే తగలబెట్టారని కూడా రాశావు. ఆ తర్వాత అవ్వ జాడే లేదు. ఎందుకు తల్లీ? ఆవిడని కోటకి తీసుకురా.

మందు తయారు చేసేది ఆవిడే అవ్వాలి. కావలసిన మూలికలు అడవిలోంచి తెచ్చిపెట్టేది ప్లేయరే అవ్వాలి. అది మామూలు వెతుకులాట క్వెస్ట్‌లా జరిగిపోనీ. అవ్వ సీసా చేతికిచ్చి, సేనాపతికి ఇచ్చి రమ్మంటుంది. ఆవిడ నేర్పిన విద్య ప్లేయర్ నిజంగా నేర్చుకుని ఉంటే మెట్లెక్కేటప్పుడు వాసన పట్టి గుర్తుపడతాడు, ఇది మందు కాదు. తను తెచ్చిన వేళ్లలో ఒకటి ఎందుకు అడిగిందో అప్పుడు అర్థమవుతుంది. ఇక్కడ సేనాపతిని దుర్మార్గుడిగా రాశావో, మొత్తం పోయినట్టే. ఆ ఊరు శత్రువుల చేతికి వెళితే ధాన్యమంతా వాళ్ల పాలై కోట వారంలో పడిపోయేది, అందుకే తగలబెట్టించాడు. ఇప్పుడు శరణు కోరి వచ్చినవాళ్లకి తన వంతు తిండి కూడా పెట్టిస్తున్నాడు. తను కాల్పించిన ఊళ్లవాళ్లు వాళ్లలో ఉన్నారని ఆయనకి తెలుసు, వాళ్ల కళ్లలోకి చూడలేడు. ఈ సంగతి ప్లేయర్‌కి ఎవరూ ఉపన్యాసంలా చెప్పకూడదు. గంజి గిన్నెల దగ్గర ఆయన తల దించుకుని నిలబడటం ఒకసారి చూపించు, చాలు.

ఇక ఆప్షన్లు. "న్యాయం కోసం నిలబడతాను", "ప్రతీకారం తీర్చుకోనిస్తాను" లాంటి బోర్డులు పెట్టకు. చేసే పని మాత్రమే రాయి. సీసా ఇచ్చెయ్. సీసా కిటికీలోంచి పారబొయ్యి. సేనాపతితో ఉన్నది ఉన్నట్టు చెప్పు. వెనక్కి వెళ్లి అవ్వ ముందు పెట్టు. పని పేరు చెప్పి వదిలేస్తే అది న్యాయమో ద్రోహమో ఆడేవాడే తన మనసులో అనుకుంటాడు. వాడి తరఫున నువ్వు అనేస్తే వాడికి మిగిలేదేముంది?

నాలుగో ఆప్షన్ విషయంలో జాగ్రత్త. 2009లో వచ్చిన డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్‌లో భూతం పట్టిన ఒక పిల్లవాడి కథ ఉంటుంది. వాడిని చంపాలి, లేదా వాడి తల్లి ప్రాణాన్ని బలి ఇవ్వాలి. చూస్తే గుండె తరుక్కుపోతుంది. కానీ మాంత్రికుల సాయం తీసుకురావచ్చనే మూడో దారి ఉంది. నువ్వు ఊరొదిలి వెళ్లి వచ్చేలోగా ఏ ఘోరమూ జరగదు, ఇద్దరూ బతుకుతారు. అది తెలిశాక మొదటి రెండు దారులూ ఎవరికీ అక్కర్లేదు, అంత గొప్పగా మొదలైన ధర్మసంకటం నీరుగారిపోతుంది. నా ఉద్దేశంలో మూడో దారి పెట్టడం తప్పు కాదు, తెలివిగా ఆలోచించినవాడికి ఏదో ఒకటి దక్కాలి. అది ఉచితంగా దక్కకూడదు, అంతే. అవ్వ దగ్గరికి వెనక్కి వెళితే ఆవిడ మనసు మారొచ్చు, కానీ అసలు మందు కాయడానికి ఒక రాత్రి పడుతుంది. ఆ రాత్రి కోటలో ఎవరో ఒకరు పోతారు. ప్లేయర్ ఇంతకుముందు మాట్లాడిన మనిషే పోవాలి.

అదే ఆటలో మరుగుజ్జుల రాజ్యం సింహాసనం గొడవ మాత్రం నాకు చాలా ఇష్టం, నువ్వు తప్పక చదువుకోవాలి. ఒకడు బేలెన్, కుట్రదారు, అన్నదమ్ముల ప్రాణాలకి విలువివ్వనివాడు. ఇంకొకాయన హారోమాంట్, మాట తప్పని పెద్దమనిషి. ఎవరినైనా అడుగు, పెద్దమనిషినే గద్దె ఎక్కించాలంటారు. తీరా ఎక్కిస్తే ఆయన తలుపులు మూసుకుని, పాత కులకట్టుబాట్లని ఇంకా బిగిస్తాడు. ఆ దుర్మార్గుడు రాజైతే వ్యాపారానికి దారులు తెరుస్తాడు, అట్టడుగున పడి ఉన్నవాళ్లకి కాస్త ఊపిరి ఆడుతుంది. మంచి మనిషి వేరు, మంచి పాలన వేరు అని ఒక్క డైలాగు లేకుండా చెప్పేశారు. ఇంకో విశేషం ఉంది. ఆటని ఆ రాజకుటుంబంలో పుట్టినవాడిగా మొదలుపెడితే బేలెన్ నీ సొంత తమ్ముడు, నీ మీద నింద వేసి వెళ్లగొట్టించినవాడు. మురికివాడలో పుట్టినవాడిగా మొదలుపెడితే నీ అక్క అతని దగ్గరే ఉంటుంది, ఆమె బతుకు బాగుపడింది అతని వల్లే. ప్రశ్న అదే, ఆప్షన్లు అవే. ఎదురుగా ఉన్న మనిషి నీకేమవుతాడన్నది మారేసరికి తూకమే మారిపోయింది. నీ కోట క్వెస్ట్‌కి కూడా ఇది చెయ్యొచ్చు: ప్లేయర్ పాత్ర ఆ కాలిన ఊళ్లో పుట్టిందైతే ఒక రెండు లైన్లు వేరుగా రాయి.

ఇక్కడ ఒక్క లోపం నాకు కనిపిస్తుంది. ఆ రాజుల పాలన ఎలా సాగిందో ఆట చివర్లో వచ్చే రాతల్లోనే పూర్తిగా తెలుస్తుంది. వీధుల్లో తిరిగి అందరితో మాట్లాడినవాడికి ముందే కొంత అర్థమవుతుంది, నిజమే. ఫలితం చూశాక ఆడేవాడు "అయ్యో, నేను గమనించాల్సింది" అనాలి. "నన్ను మోసం చేశారు" అన్నాడంటే తప్పు నీదే. అందుకే ఆ విషపు వేరు గురించి అవ్వ మొదటి ఊళ్లోనే ఒకసారి చెప్పి ఉండాలి.

ఫలితం ఆలస్యంగా రావాలి, అది ఇంకో మాట. వెంటనే వస్తే పాత సేవ్ లోడ్ చేసి, అంటే ముందు దాచుకున్న చోటి నుంచి మళ్లీ ఆడి, ఇంకోటి నొక్కి చూస్తారు. 2007లో వచ్చిన మొదటి విచర్ ఆటలో సరుకుల కాపలా కాస్తున్న నీ దగ్గరికి తిరుగుబాటుదారులు వచ్చి ఆ పెట్టెలు తమవంటారు. ఇచ్చేస్తే చాలా గంటల తర్వాత, ఇంకో అధ్యాయంలో, ఒక మనిషి వాళ్ల చేతిలో హతమై కనిపిస్తాడు. అప్పుడు వెనక్కి వెళ్లాలంటే ఎన్ని గంటల ఆట వదులుకోవాలి! 2015 నాటి అండర్‌టేల్ ఇంకో అడుగు ముందుకేసింది. ఒకరిని చంపి, బాధపడి, లోడ్ చేసి ఈసారి ప్రాణం నిలబెట్టావనుకో. ఇందాక ఏం చేశావో నాకు తెలుసని ఒక పువ్వు నీ ముఖం మీదే అంటుంది. అది ప్రతి ఆటకీ కుదరదు, నువ్వు ప్రయత్నించకు. ఆలస్యం మాత్రం ఎవరికైనా కుదురుతుంది.

"ఇన్ని దారులు ఎలా రాయాలి, మేం ముగ్గురమే" అని టెన్షన్ పడుతున్నావని తెలుసు. రెండేసి దారులున్న చాయిస్‌లు పది పెట్టి, ప్రతిదానికీ కథ చీలుస్తూ పోతే 1024 ముగింపులవుతాయి. ఎవరి వల్లా కాదు. కథని చీల్చకు, మనుషుల జ్ఞాపకాన్ని చీల్చు. ధర్మరాజు అశ్వత్థామ చచ్చాడని నోటితో గట్టిగా, ఏనుగని మెల్లగా అన్నాక ద్రోణుడు నేలకొరిగాడు, అయినా యుద్ధం ఆగలేదు. అప్పటిదాకా నేలకి నాలుగంగుళాలు పైన నడిచిన ఆయన రథం మాత్రం నేలకి దిగింది. అంత చిన్న మార్పు చాలు నీకు. ప్లేయర్ సీసా పారబోసి ఎవరికీ చెప్పకపోతే అవ్వ ఎప్పటిలాగే మూలికలు అమ్ముతుంది, ధర కూడా పెంచదు, కానీ ఇక "నాయనా" అనదు. రాయడానికి ఒక్క మాట తీసెయ్యడమే. సేనాపతికి చెప్పేస్తే తర్వాతి అధ్యాయంలో గాయాలకి కట్టు కట్టేది అవ్వ దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లాడు, వాడికి మోతాదు సరిగ్గా తెలియదు, మందు సగమే పనిచేస్తుంది. సీసా ఇచ్చేస్తే కోట కొత్త అధికారి శరణార్థుల గేటు మూయిస్తాడు, ప్లేయర్ ఆ దారిన వెళ్లిన ప్రతిసారీ బయట జనం కనిపిస్తారు.

స్నేహితుల అలక కూడా అంతే. డ్రాగన్ ఏజ్‌లో తోటివాళ్లకి కోపమొస్తే కానుకలిచ్చి చల్లార్చేయొచ్చు. నీ ఆటలో అది వద్దు. నిజంగా నొచ్చుకున్న మనిషి నగ తీసుకుని నవ్వడు.

ఇంకొక్క విషయం, ఇది నాకు చాలా ముఖ్యం. నీ స్క్రిప్టులో మూడో అధ్యాయం వచ్చేసరికి ప్రతి ఒక్కరూ దొంగలే, ప్రతి పూజారీ అబద్ధాలకోరే. అందరూ చెడ్డవాళ్లైతే ఎవరిని ఎంచుకుంటే ఏం, అని ఆడేవాడు చేతులు దులుపుకుంటాడు. ఇద్దరు ముగ్గురైనా నిజంగా మంచివాళ్లు ఉండాలి, వాళ్ల మంచితనం ఆటలో ఎవరికో పనికిరావాలి. అప్పుడే వాళ్లని పోగొట్టుకుంటామనే భయం ఉంటుంది. గంజి వడ్డించే ఆ వంటమనిషిని అలాగే ఉంచు, ఆవిడకి రహస్యాలేమీ పెట్టకు.

కోట క్వెస్ట్ తిరగరాశాక ఆట గురించి ఏమీ తెలియని ఒకరిని కూర్చోబెట్టి ఆడించు. నువ్వు పక్కనే కూర్చో, నోరు విప్పకు. సీసా చేతిలోకి వచ్చాక వాళ్లు ఎంతసేపు ఆగారో, ఆగి ఎవరితో మళ్లీ మాట్లాడటానికి వెళ్లారో రాసుకో. ఎవరి దగ్గరికీ వెళ్లకుండా బటన్ నొక్కితే అవ్వతో గడిపే సమయం ఇంకా తక్కువైందని అర్థం, మొదటి ఊళ్లో ఆవిడకి ఇంకో చిన్న క్వెస్ట్ చేర్చు. ఆ కాగితాలు, కొత్త స్క్రిప్టు రెండూ నాకు పంపు.

ఆశీస్సులతో,
బాబాయి