మండ్యలో లిథియం ఉంటే బండి రేటు తగ్గుతుందా?

ప్రశ్న: సార్, మాది మదనపల్లె, ఉద్యోగం బెంగళూరులో. ఎలక్ట్రిక్ స్కూటర్ కొందామంటే మా బావమరిది అడ్డుపడుతున్నాడు. పక్కనే మండ్య జిల్లాలో లిథియం దొరికింది, రెండేళ్లు ఆగితే బ్యాటరీలు సగం రేటుకొస్తాయంటాడు. ఆగమంటారా?
– ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: మండ్య కోసమైతే ఆగొద్దు. అక్కడ మార్లగళ్ల దగ్గర అంచనా కట్టింది 1,600 టన్నులు, 2024లో ప్రపంచమంతా కలిసి తవ్వింది 2 లక్షల టన్నుల పైమాటే. జమ్మూలోని రియాసిలో ఏకంగా 59 లక్షల టన్నులని 2023లో టీవీలు పండగ చేశాయి, తీరా వేలం పెడితే చాలినంత మంది రాక రద్దయింది.

రాయి దొరకడం ఒక ఎత్తు, దాన్ని శుద్ధి చేయడం మరో ఎత్తు. ఆస్ట్రేలియాలో తవ్విన స్పాడ్యుమీన్‌ను, అంటే లిథియం ఉండే రాయిని, దంచి, వేరుచేశాక కూడా అందులో లిథియం ఆక్సైడ్ 6 శాతమే ఉంటుంది, ఆ పొడిని వెయ్యి డిగ్రీలకు పైన కాల్చి, యాసిడ్ పట్టించి, ఇంకా నానా తంటాలు పడితేగానీ బ్యాటరీకి పనికొచ్చే సరుకు రాదు. ఆ పని ఎక్కువగా చైనాలోనే జరుగుతోంది. బ్యాటరీలో మైనస్ వైపు వాడే కార్బన్, గ్రాఫైట్ సంగతి ఇంకా ఘోరం. 3 యూనిట్ల స్కూటర్ బ్యాటరీలో లిథియం సుమారు 300 గ్రాములైతే గ్రాఫైట్ దాదాపు 3 కిలోలు, బ్యాటరీలకు పనికొచ్చేలా శుద్ధి చేసిన గ్రాఫైట్ 90 శాతానికి పైగా చైనాదే! 2023 డిసెంబరు నుంచి దాని ఎగుమతికి పర్మిట్ తప్పనిసరి చేశారు. 2025 ఏప్రిల్‌లో మోటార్లలో వాడే రేర్ ఎర్త్ మాగ్నెట్లకూ (ప్రత్యేక లోహాలతో చేసే బలమైన అయస్కాంతాలు) అదే రూలు పెట్టేసరికి మన బండ్ల కంపెనీలకు టెన్షన్ పట్టుకుంది.

రేట్లంటారా, చైనాలో టన్ను లిథియం కార్బొనేట్ (బ్యాటరీలకు అమ్మే శుద్ధి చేసిన లిథియం సరుకు) 2022 చివర్లో 6 లక్షల యువాన్ల దాకా వెళ్లి 2024లో లక్ష లోపుకు పడింది. మరీ పడితే గనులు మూస్తారు, మూస్తే మళ్లీ పెరుగుతుంది. దీన్ని చూసుకుంటూ సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఇంకో రెండేళ్లు పెట్రోలు తగలేస్తారా? షోరూంలో మాత్రం ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీయేనా అని అడగండి. అందులో కోబాల్టు, నికెల్ ఉండవు కాబట్టి అవి ఎక్కువగా వచ్చే కాంగో, ఇండోనేషియా గొడవలు దానికి తగలవు. వారంటీ ఎన్నేళ్లో కాగితం మీద చూసుకోండి, సేల్స్ కుర్రాడి నోటిమాట నమ్మొద్దు.

ప్రశ్న: పాడైన స్కూటర్ బ్యాటరీని పాత సామాన్లవాడికి వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, కె.ఆర్.పురం

జవాబు: వద్దమ్మా, వాడు సుత్తితో కొడితే నిప్పంటుకోవచ్చు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీల బాధ్యత తయారీదారులదే, సర్వీస్ సెంటర్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి.