అరిగిపోయిన రోమన్ వెండి నాణేలు ఎవరైనా డబ్బు పెట్టి ఎందుకు కొంటారు?

కాస్త ఆగి డబ్బు కూడబెడితే బొమ్మ స్పష్టంగా ఉన్న నాణెం ఒకటి వస్తుంది కదా, అరిగిపోయినవి నాలుగు కొనడం దేనికి అని కదా మీ ప్రశ్న. ఎనిమిదేళ్లుగా ఇంగ్లండ్‌లో ఉంటూ నేను చేస్తున్నది ఈ పనే. నా దగ్గర పదకొండు ఉన్నాయి. అందంగా ఉన్నది ఒక్కటీ లేదు.

అన్నిటి గురించీ చెప్పను. మొదట కొన్నదాని గురించి చెప్తాను, మిగతావి దాని వెనకే వచ్చాయి.

అది రోమన్ సేనాని మార్క్ ఆంటోనీ కొట్టించిన డెనారియస్. అప్పట్లో 70 పౌండ్లు పెట్టాను. డెనారియస్ అంటే రోమన్ల మామూలు వెండి నాణెం. మన దీనారం అన్న మాట దాన్నుంచి వచ్చిందే. శ్రీనాథుడికి కనకాభిషేకం చేసిన దీనార టంకాలు అని చదువుకున్నామే, ఆ దీనారమే. ఈ నాణెం మీద ఎవరి మొహమూ ఉండదు. ఒకవైపు తెడ్లు వేసిన యుద్ధనౌక. రెండోవైపు మధ్యలో గద్ద ఉన్న సైన్య ధ్వజం, దానికి అటొకటి ఇటొకటి జెండాలు, కింద ఆ దళం నంబరు. రోమన్లు ఆ దళాన్ని లెజియన్ అంటారు. క్రీ.పూ. 32-31లో తన ప్రత్యర్థి ఆక్టేవియన్‌తో (తర్వాత అగస్టస్ చక్రవర్తి అయింది ఇతనే) తేల్చుకునే ముందు సైన్యానికి జీతాలివ్వడానికి ఆంటోనీ ఇవి కొట్టించాడు. ఒక్కో లెజియన్‌కి దాని నంబరుతో. ఆ రోజుల్లో మామూలు సైనికుడి జీతం ఏడాదికి 225 డెనారీలు (డెనారియస్‌కి బహువచనం), అదీ మూడు దఫాలుగా. క్రీ.పూ. 31 సెప్టెంబర్ 2న గ్రీసు తీరాన ఆక్టియం దగ్గర సముద్రంలో ఆంటోనీ ఓడిపోయాడు. మరుసటి ఏడాది చనిపోయాడు. నాణేలు మాత్రం చెలామణీలోనే ఉండిపోయాయి.

నాది తూకం వేస్తే 3.1 గ్రాములు. కొత్తగా ఉన్నప్పుడు సుమారు 3.8 ఉండేది. అంటే ఆరో వంతుకు పైగా జనం చేతుల్లోనూ సంచుల్లోనూ అరిగి పోయింది. టేబుల్ లైటు కింద పక్కకి వంచితే నౌక తెడ్లు దువ్వెన పళ్లలా సన్నగా కనిపిస్తాయి, తిన్నగా పెడితే మాయమైపోతాయి. గద్ద తల లేదు. జెండాల స్థానంలో రెండు నిలువు గీతలు మిగిలాయి, అంతే.

ఇంతలా ఎందుకు అరిగిందో తెలిశాకే నాకు పిచ్చి పట్టింది. ఈ నాణేల్లో మామూలు డెనారియస్ కంటే వెండి తగ్గించి, రాగి ఎక్కువ కలిపారు. ఆంటోనీ డెనారియస్‌లో ఇనుము కలిపాడని రోమన్ రచయిత ప్లినీ తిట్టిపోశాడు కానీ, కలిసింది రాగే. మంచి వెండి ఉన్న నాణేన్ని ఎవరైనా ఏం చేస్తారు? దాచుకుంటారు, లేదా కరిగిస్తారు. నాసిరకం దాన్ని ముందు వదిలించుకుంటారు. చిరిగిన పది రూపాయల నోటుని మనం ఆటోవాడికి ఇచ్చేయడం లాంటిదే. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి డెనారియస్ బరువూ తగ్గించాడు, వెండీ తగ్గించాడు. 107లో ట్రాజన్ చక్రవర్తి పాత అరిగిన నాణేలన్నీ వెనక్కి తెప్పించి కరిగించాడు. అప్పుడు మంచి వెండి ఉన్న పాత డెనారీలు దాదాపు కనబడకుండా పోయాయి. ఆంటోనీవి మాత్రం బతికాయి, కరిగించినా పెద్దగా గిట్టదు కాబట్టి. మూడో శతాబ్దంలో పాతిపెట్టిన కుండల్లోనూ ఇవి దొరుకుతున్నాయి, నున్నగా అరిగిపోయి. మెరుస్తూ ఉన్న నాణెం అంటే కొట్టిన కొత్తలోనే ఎవరో దాచేసినది అనుకోవచ్చు. అరిగినది రెండు వందల ఏళ్లు సంతలో తిరిగింది. నాకు కావలసింది ఆ తిరిగినదే. ఇది నా అభిరుచి, అందరూ ఒప్పుకోరు.

ఇక నంబరు సంగతి. కొన్నప్పుడు నంబరు కొంచెం చదవగలిగేలా ఉండేది. గుంటల్లో నల్లగా ఉండటం వల్ల అక్షరాలు లీలగా తేలేవి. భూతద్దం పెట్టి తీరిగ్గా చదువుదామని బల్ల మీద ఉంచాను. అప్పుడే మా అమ్మ ఇక్కడికి వచ్చింది. ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి పూజ గదిలో వెండి కుందుల పక్కన నా నాణెం తళతళలాడుతోంది. విబూది పెట్టి తోమేసింది! “మసిబారిపోయి ఉంటేనూ... నువ్వు ఎలాగూ తోమవు కదరా,” అంది. నా మొహం చూసి, “ఇంత అరిగిందేమిట్రా, తూకానికైనా పనికొస్తుందా? నిన్నెవరో బాగా మోసం చేశారు,” అని ఇంకో మాట కలిపింది. ఆమె మీద కోప్పడి లాభం లేదు, నల్లబడ్డ వెండిని చూస్తూ ఊరుకోవడం ఆమె వల్ల కాదు. కానీ రెండు వేల ఏళ్ల నలుపు పోయింది, దానితో పాటు అక్షరాలూ చాలావరకు పోయాయి. కాబట్టి కొన్న నాణేన్ని దేనితోనూ తోమకండి. విబూది, చింతపండు, టూత్‌పేస్టు, ఏదీ వద్దు.

తోమడం వల్ల ఒక్కటి మాత్రం బయటపడింది. నౌక పక్కన నెలవంక ఆకారంలో చిన్న గాటు. లోపల వెండేనా, రాగి మీద వెండి రేకా అని షరాబులు ములుకుతో కొట్టి చూసిన గుర్తు అది. ఇలాంటి గుర్తు ఉంటే నాణేలు సేకరించేవాళ్లు ధర తగ్గించి అడుగుతారు. నేను ఎక్కువ ఇచ్చైనా తీసుకుంటాను.

కొనేటప్పుడు ‘ఫైన్’ అన్న మాట చూసి మోసపోకండి. ఈ వ్యాపారంలో ఫైన్ అంటే బాగా అరిగినదని అర్థం. నేను రెండోసారి ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర టైబీరియస్ చక్రవర్తి నాణెం కొన్నాను. చేతికొచ్చాక చూస్తే అంచు చుట్టూ సన్నటి అతుకు గీత, బొమ్మంతా సబ్బులా మెత్తగా, బరువు 2.6 గ్రాములు. పోతపోసిన నకిలీ. డబ్బు తిరిగి రాలేదు. అరుగు మొదట ఎత్తైన చోట్ల కనబడాలి, బుగ్గ, జుట్టు, చెవి అలా. గుంటలు కూడా మెత్తగా ఉంటే అనుమానించండి. ఎక్కడ దొరికింది, ఇంతకుముందు ఎవరు అమ్మారు అని అడగండి, రసీదు దాచుకోండి. ఇక్కడ ఇంగ్లండ్‌లో మూడు వందల ఏళ్లు దాటిన వెండి నాణేలు ఒకేచోట రెండు దొరికినా చట్టప్రకారం అధికారులకు చెప్పాలి.

మీరు ఇండియాలో ఉంటే కొనడం కంటే చూడటం తేలిక. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో 1,531 రోమన్ డెనారీలు ఒకే నిధిగా దొరికాయి, ఎక్కువ భాగం అగస్టస్, టైబీరియస్‌లవి. నీరో తగ్గించిన తర్వాతి వెండి నాణేలు మన వైపు అరుదు. హైదరాబాద్ నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో రోమన్ నాణేలు ఉన్నాయి, ముందు అక్కడికి వెళ్లండి. పొలంలో దొరికితే జేబులో వేసుకోవద్దు, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం జిల్లా కలెక్టర్‌కి తెలియజేయాలి. వంద ఏళ్లు దాటిన నాణేన్ని దేశం బయటికి పంపడం 1972 చట్టం ప్రకారం నేరం. నావి నేను ఊరికి తీసుకెళ్లకపోవడానికి కారణమూ అదే. తిరిగి తెచ్చుకోలేను.

ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి, కొన్ని రకాలు పచ్చటి జిగురు వదులుతాయి. చిన్న కాగితం కవర్లు చాలు. నా ఆంటోనీ నాణెం మీద ఇప్పుడు రోమన్ అంకెల్లో ఐదు గుర్తు (V), పక్కన ఒక గీత కనబడతాయి. ఆరు అన్నమాట. ఆరో లెజియన్ అయితే బాగుండునని ఆశ, ఎందుకంటే రెండు వందల ఏళ్ల తర్వాత మార్కస్ అరీలియస్, లూషియస్ వెరస్ అనే చక్రవర్తులిద్దరూ ఆంటోనీ పేరుతో ఇదే నాణేన్ని ఆరో లెజియన్ కోసం మళ్లీ కొట్టించారు. కానీ ఆ గీత తర్వాత ఇంకో గీత, ఆపైన మరొకటి అరిగిపోయి ఉండవచ్చు. అందుకే కవరు మీద పెన్సిల్‌తోనే రాశాను: లెజియన్ 6, పక్కన ప్రశ్నార్థకం. కింద చిన్నగా, 7 లేదా 8.